వేట ఇడిచిపెట్టి ఎవుసం ఎందుకు పట్టిన్రు? అప్పుడు మన పాలమూరు, నల్గొండ దిక్కు ఏముండె?

దేవరకొండ_సోషల్_సార్:

అందరికి నమస్తే. దేవరకొండ దిక్కు సర్కారు బడిల సోషల్ చెప్త నేను. ఆరో తరగతికి ఆదిమానవుల పాఠం నడుస్తుంది. వేట, గడ్డలు తవ్వుకునుడు, నిప్పు, రాతి పనిముట్లు ఇవన్ని పిల్లలు మంచిగనే విన్నరు, ఎవుసం దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల లేచి "సార్, ఎవుసంల ఏం మిగల్తలేదు, ఒట్టి కష్టమే అని మా నాయన రోజు అంటడు, మరి వాళ్లు అడవిల తిని తిరిగేటోళ్లు ఎందుకు మొదలుపెట్టిన్రు" అని అడిగింది. మామూలుగ మనం ఏం చెప్తం, కింద పడ్డ గింజ మొలిచింది చూసిన్రు, అట్ల సేద్యం నేర్చుకున్నరు, ఇక తిరుగుడు బంద్ చేసి ఊర్లు కట్టుకున్నరు అని. ఆ పిల్ల అడిగినదానికి ఇది జవాబు కాదని నాకే అనిపిస్తుంది. గింజ మొలుస్తదని తెలిసినంత మాత్రాన ఎవడైన పొద్దంత నడుము వంచుతడా.

ఇంకొకటి, తొలి ఎవుసం గురించి ఎప్పుడు చెప్పినా పాలస్తీనాల జెరికో, పాకిస్తాన్‌ల మెహర్‌గఢ్ అనే చెప్తం. పిల్లలకు అవి ఎక్కడో ఉన్న ఊర్లు. మన కృష్ణా ఒడ్డున, పాలమూరు నల్గొండల అదే కాలంల మనుషులు ఏం తిన్నరు, ఏం పండించిన్రు, దాని మీద తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పండి. పరీక్ష కోసం కాదు, పిల్లలకు చెప్పాలె.

---

కృష్ణాతీరం:

సార్, ఆ పిల్ల అడిగింది అసలైన ప్రశ్న, దీని మీద ఇప్పటికీ పెద్ద పెద్ద సైంటిస్టులు వాదులాడుకుంటున్నరు. నాకు తెలిసినకాడికి చెప్త, కొంచెం లంబ అయితది.

ముందుగాల గింజ మొలిచింది చూసి నేర్చుకున్నరు అనే మాటను పక్కకు పెట్టండి. మన జాతి మనిషి పుట్టి ఇప్పటికి సుమారు 3 లక్షల ఏండ్లు, ఎవుసం వయసు దగ్గర దగ్గర 11, 12 వేల ఏండ్లు, అంటే వందల 96 పాళ్ల కాలం వేట, ఏరుకొని తినుడుతోనే గడిచింది. అన్ని వేల తరాలు చెట్టు చేమ చూసుకుంట బతికినోళ్లకు విత్తనం మొలుస్తదని తెల్వకుంటదా. ఇజ్రాయెల్‌ల గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలో అనే జాగ ఉంది, నీళ్లు తగ్గినప్పుడు బయటపడ్డది, 23 వేల ఏండ్ల కిందటిది. అక్కడి గుడిసెలల అడవి గోధుమ, అడవి బార్లీ గింజలు కుప్పలు దొరికినయి, గింజ నూరిన రాయి కూడ దొరికింది. జోర్డాన్‌ల ఇంకో చోట 14 వేల ఏండ్ల కిందటి పొయ్యిల మాడిపోయిన రొట్టె ముక్కలు దొరికినయి, అంటే ఎవుసం కంటె వేల ఏండ్ల ముందే రొట్టె కాల్చుకొని తిన్నరు. తెలివి ఎప్పటినుంచో ఉంది, అవసరం పడలె అంతే.

మరి అప్పుడే ఎందుకు అంటే మొదటి కారణం వాతావరణం. దానికి ముందు మంచుయుగం, చలి ఒక్కటే కాదు, ఏ ఏడు ఎట్ల ఉంటదో నమ్మకం లేని కాలం, కొన్ని పదుల ఏండ్లలనే ఎండ చలి తారుమారు అయ్యేది, గాలిల కార్బన్ డయాక్సైడ్ తక్కువుండి మొక్కలు కూడ సరిగ పెరగకపోయేది. 11,700 ఏండ్ల కింద అది అయిపోయి వెచ్చగ, నిలకడగ మారింది. ఆ తర్వాత కొన్ని వేల ఏండ్లలనే టర్కీ సిరియా దిక్కు గోధుమ బార్లీ, చైనాల వరి కొర్ర, మెక్సికోల మక్క, న్యూగినీల చేమగడ్డ అరటి, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఎవరికి వాళ్లు మొదలుపెట్టిన్రు. ఒక్కడు కనిపెడితే అందరికి పాకింది కాదు ఇది, అది పిల్లలకు గట్టిగ చెప్పండి.

రెండోది, ఎవుసం వచ్చినంకనే ఒక్కచోట ఉన్నరు అని మనం చెప్తం చూడండి, చాలా చోట్ల అది ఉల్టా. నటూఫియన్లు అని ఆ జోర్డాన్ పాలస్తీనా దిక్కోళ్లు, అడవి గింజలు, జింకలు బాగ దొరికే జాగలల ముందే ఇండ్లు కట్టుకొని ఉన్నరు, ఎవుసం తర్వాత వచ్చింది. టర్కీల గోబెక్లి తెపె చూడండి, సుమారు 11,500 ఏండ్ల కిందటిది, 5 మీటర్లు దాటిన రాతి స్తంభాలు, వాటి మీద నక్కలు తేళ్లు పాములు చెక్కిన్రు, అన్ని టన్నుల రాయి లేపినోళ్లు ఇంకా అడవి జంతువులను వేటాడే బతికేటోళ్లే.

ఇక ఒక్కచోట ఉంటే ఏమైతది? తిరిగే తల్లి ఒక పిల్లను చంకనెత్తుకొని ఇంకొకరిని నడిపిస్తది, అందుకని కాన్పుకు కాన్పుకు మూడు నాలుగేండ్ల ఎడం ఉండేది. కుదురుగ ఉండి పిల్లకు గింజలు ఉడకబెట్టి జావ తాపుతె పాలు తొందరగ మానుతరు, మళ్ల కాన్పు తొందరగ వస్తది. మంది పెరిగిన్రు, చుట్టుపక్కల అడవిల వేట తగ్గింది, ఇంకింత విత్తాలె, విత్తితే ఇంకింత మంది. మూడు నాలుగు తరాలు గడిస్తే ఎనుకకు పోదామన్నా ఆ అడవి అంతమందిని సాకదు. ఆ పిల్లకు నేనైతే ఇదే చెప్త, ఎవ్వరు ఒక పొద్దు కూసోని రేపటిసంది ఎవుసం చేద్దాం అనుకోలె, తెల్వకుండనే జారిన్రు, జారినంక ఎక్కరాలె.

వాళ్ల నాయన మాట కూడ ఉత్తగ పోదు. తొలి రైతుల ఎముకలు చూస్తె చాలా చోట్ల వాళ్ల తాతల కంటె పొట్టిగైన్రు, పండ్లు పుచ్చిపోయినయి, రక్తం తక్కువున్న గుర్తులు కనిపిస్తయి, ఎందుకంటె ఒకటి రెండు గింజల మీదనే బతుకు, పశువులతోటి మనుషులతోటి ఇరుకుల ఉండుడు. 1960లల రిచర్డ్ లీ అనే ఆయన ఆఫ్రికాల కలహారి ఎడారిల వేట మీద బతికే శాన్ జనాలతోని ఉండి లెక్క తీస్తె, వాళ్లు తిండి సంపాదించుటానికి వారానికి 15 నుంచి 20 గంటలే పెడుతున్నరని తేలింది. దాంట్ల వంట, గింజలు పగలగొట్టుడు, కట్టెలు తెచ్చుడు కలపలేదని తర్వాతోళ్లు అడ్డం చెప్పిన్రు, అది నిజమే, అయినా మన కలుపు కాలం కోత కాలం కష్టంతోని చూస్తె తక్కువే.

---

ఎవుసం_బిడ్డ:

కృష్ణాతీరం అన్న బాగ చెప్పిండు, నేను విత్తనం సంగతి ఒకటి కలుపుత, మేం చండూరు దిక్కు చేను చేసేటోళ్లం కాబట్టి నాకు అదే కండ్ల ముందు ఉంటది.

అడవి గింజకు చేను గింజకు పెద్ద తేడా ఒకటుంది సార్, అడవిది పండంగనే తనంతట తానే రాలిపోతది. రాలితేనే దాని వంశం నడుస్తది. మన చేన్లది మనం కోసి, కొట్టేదాంక కంకికే పట్టుకొని ఉంటది. ఇది ఎట్ల వచ్చిందంటె, కొడవలితోని కోసినప్పుడు రాలిపోయేవి భూమిల పడ్డయి, రాలకుండ గట్టిగ పట్టుకున్నవి ఇంటికొచ్చినయి, మళ్ల వచ్చే కార్తెకు విత్తినయి అవే. ఎవ్వరు కావాలని ఏరలె, కొడవలే ఏరింది. గోధుమ, బార్లీలల ఈ మార్పు పూర్తిగ రావటానికి 2 వేల ఏండ్ల పైన పట్టిందని పాత గింజల కాడలు చూసి చెప్తున్నరు. అంటే దగ్గర దగ్గర వంద తరాల ఆడోళ్లు మొగోళ్లు సగం అడవి సగం చేను అన్నట్టు బతికిన్రు.

పిల్లలకు చూపియ్యాలంటె నువ్వుల చేనుకు తీస్కపోండి. నువ్వు మన దేశంలనే మచ్చికైన పంట, ఇన్ని వేల ఏండ్లైనా దాని అడవి గుణం ఇంక పోలె. కాయ పూర్తిగ ఎండితే పైకొస నోరు తెరుస్తది, ఒక్క గాలికి గింజలన్ని మట్టిపాలు. అందుకే కింది కాయలు పసుపెక్కంగనే, పైకాయలు ఇంక పచ్చిగ ఉండంగనే కోసి, కట్టలు కట్టి, నెత్తులు పైకి పెట్టి ఒకదానికొకటి ఆనిచ్చి నిలబెడుతం. ఎండినంక కింద తాటిపత్రి పరిచి ఒక్కొక్క కట్ట తలకిందులు చేసి కట్టెతోని మెల్లగ తడుతం, జలజల రాలుతయి. అది ఒక్కసారి వాళ్ల చేతులతోని చేపిస్తె, గింజలు రాలే గడ్డిని మనిషి ఎట్ల పట్టుకున్నడో మళ్ల చెప్పే పని ఉండదు.

ఇంకోటి ఉలవలు. అడవి గింజలన్ని ఒక్క వానకు మొలవయి, తోలు మందంగ ఉండి ఒకటి ఈ ఏడు, ఒకటి వచ్చే ఏడు మొలుస్తది, ఒక ఏడు కరువొస్తె అన్ని చావకుండ. చేన్ల అట్లయితే నడ్వదు, విత్తినయన్ని ఒక్కసారి మొలవాలె. దక్షిణాదిల పాత ఊరిదిబ్బలల దొరికిన మాడిన ఉలవలను లండన్ సైంటిస్టులు గట్టి ఎక్స్‌రేలతోని పగలగొట్టకుండనే లోపలికి చూసిన్రు, కాలం గడిచేకొద్ది ఉలవ తోలు పలచనైతా వచ్చింది. అంటే ఉలవను మచ్చిక చేసింది మన దక్కన్ రైతులే, దాని సాక్ష్యం ఆ తోలుల ఉంది. నాకైతే ఇది చదివినప్పుడు మస్తు సంబురమైంది, గుడాలు తినేటప్పుడు ఇది యాదికొస్తది.

---

పాలమూరు_గుట్టలు:

సార్ అడిగిన రెండో ప్రశ్నకు వస్త. మన దగ్గర కథ గోధుమ కథ లెక్క నడవలె. మన దగ్గర ముందుగాల వచ్చింది ఆవు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఉట్నూర్ అని ఉంది, ఆదిలాబాద్ ఉట్నూర్ కాదు. అక్కడ ఒక బూడిద గుట్ట ఉండేది. ఇట్లాంటివి మన దగ్గర, రాయచూర్, బళ్లారి, కర్నూల్, అనంతపురం దిక్కు చాలా ఉన్నయి, ఇవి ఏందో చానా ఏండ్లు ఎవరికి సమజ్ కాలె. హంపి దగ్గరి బూడిద గుట్టను వాలిని కాల్చిన జాగ అంటరు, ఇంకో తీరు రాక్షసుల ఎముకల బూడిద అన్నరు, ఇంగ్లీషోళ్లల కొందరు ఇనుము కరిగించిన చిట్టెం అన్నరు. 1957ల ఆల్చిన్ అనే ఇంగ్లండు తవ్వకాల సైంటిస్టు ఉట్నూర్‌ల తవ్వి చూస్తె సంగతి తేలింది. అది పశువుల దొడ్డి. మొద్దులు నాటి చుట్టు కంచె కట్టిన్రు, గుంజలు పాతిన బొందలు వరుసగ కనిపించినయి, లోపల పేడ పేరుకుంటె కాలపెట్టిన్రు, మళ్ల కంచె కట్టిన్రు, మళ్ల కాలపెట్టిన్రు, అట్ల పొర మీద పొర. ఒక పొరల బూడిద మీద ఆవుల గిట్టల అచ్చులు ఉన్నయి. 4 వేల ఏండ్ల కంటె ముందు ఏదో పొద్దు మంద నడిచిపోతె పడ్డ అచ్చులు, పైన ఇంకో పొర కప్పేసరికి చెదరకుండ అట్లనే ఉన్నయి.

నేను బళ్లారి హోస్పేట్ రోడ్డు మీద కుడితిని దగ్గరిది చూసిన, రోడ్డు పక్కనే ఉంటది. దూరంకెళ్లి మామూలు మట్టి దిబ్బ అనుకుంటం, దగ్గరికి పోతె బూడిద రంగు పొరలు పొరలు కనిపిస్తయి, మధ్యల మధ్యల గాజులెక్క కరిగి గడ్డకట్టిన ముక్కలు, చేతిల పట్టుకుంటె తేలిక, లోపలంత బుడగల బుడగల తొర్రలు. ఉత్త పిడక మంటకు అట్ల కరగదు, మస్తు పేడ ఒక్కతాన పోసి పెద్ద మంట పెడితేనే అయితది. ఎందుకు కాలపెట్టిన్రు అంటె, ఆల్చిన్ సార్ ఏమన్నడంటె అది పండుగ మంట, మంద ఒకచోటు నుంచి ఇంకో చోటికి కదిలే కాలంల పెట్టేది అని. కర్ణాటకల బూదిహాళ్‌ల పద్దయ్య సార్ తవ్వినప్పుడు దొడ్డి పక్కనే పశువులను కోసిన జాగ, రాతి పనిముట్లు చేసిన జాగ, ఇండ్లు అన్ని బయటపడ్డయి. నాకైతే కాముని మంటలు, సంక్రాంతి పశువుల పండుగ చూస్తె ఆల్చిన్ మాట నమ్మబుద్ధి అయితది, గట్టి సాక్ష్యం లేకున్నా సరే.

ఈ ఆవులు, మేకలు, గొర్రెలు వాయవ్యం దిక్కుకెళ్లి వచ్చినయి, మూపురం ఆవు సింధు లోయ దిక్కు మచ్చికైంది. ఇక్కడ సుమారు క్రీ.పూ. 3000 సంది పశువులు కాసే మనుషులు కనిపిస్తరు. పంటలు మాత్రం చాలా వరకు ఇక్కడియే. డోరియన్ ఫుల్లర్ అనే ఆయన దక్షిణాది పాత ఊర్ల మట్టిని నీళ్లల కలిపి తేలిన మాడు గింజలను ఏరి చూస్తె, అన్నిటికంటె ఎక్కువ దొరికినయి నాలుగు: అండుకొర్రలు, కొర్ర జాతిదే ఇంకో చిన్న గడ్డి గింజ (కంకి నూగు బట్టలకు అంటుకుంటది, ఇప్పుడు చేన్లల కలుపు లెక్క ఉంటది), ఉలవలు, పెసర్లు. నాలుగూ వానకాలం పంటలే, మన చెల్కలల ఎర్రమట్టికి సరిపడేటివి. గోధుమ బార్లీ తర్వాత కొద్ది కొద్దిగ వచ్చినయి. మనం మనయి అనుకునే జొన్న, సజ్జ, తైద మూడూ ఆఫ్రికాలకెళ్లి వచ్చినయి, ఇంకా తర్వాత. జొన్నరొట్టె తినని పాలమూరు ఒకప్పుడు ఉండె అంటె పిల్లలు నమ్మరు.

చూపియ్యాలనుకుంటె నల్లరాతి గొడ్డళ్లు చెప్పండి. డైక్‌లు ఉంటయి కదా, గ్రానైట్ గుట్టల నడుమ నల్లరాయి గీత లెక్క పోతది, ఆ రాయిని కొట్టి, పొడిచి, నీళ్లు పోసుకుంట బండ మీద అరగదీసి గొడ్డలి చేసేటోళ్లు. అరగదీసిన బండల మీద నున్నటి గాడులు మిగుల్తయి, వేలు పెట్టి చూస్తె తెలుస్తది. అట్లాంటి గొడ్డళ్లు చేన్లల దొరికితె మన ముసలోళ్లు పిడుగురాళ్లు అని గుడి దగ్గర పెట్టేది.

---

జడ్చర్ల_కుర్రోడు:

ఇవన్ని ఎందుకన్నా, నల్లమలకు పోతె చెంచులు ఇప్పటికీ రాతియుగం లెక్కనే ఉన్నరు కదా, వాళ్లను చూస్తె సరిపోతది. ముడుమాల్ నిలువురాళ్లు కూడ పెట్టినోళ్లు ఈ వేటగాళ్లేనా?

---

అమ్రాబాద్_అడవి:

తమ్మి, ఆ మాట అనొద్దు. నేను అచ్చంపేట దిక్కోడిని, చెంచు పెంటలకు పోతుంట. వాళ్లు రాతియుగం మనుషులు కారు, మన లెక్కనే ఈ కాలం మనుషులు, తెలుగు మాట్లాడుతరు, తేనె, జిగురు, కుంకుడుకాయ అమ్మి బియ్యం, ఇనుము కొనుడు ఎన్నో తరాల సంది ఉంది. 1940ల హైమెండార్ఫ్ అనే ఆయన వాళ్లతోని ఉండి రాసినప్పుడే గడ్డలు తవ్వే కర్రకు ఇనుప ములికి ఉంది, కొందరికి ఎడ్లు బర్రెలు ఉన్నయి. పక్కన రైతులు రాజులు ఉండంగ కూడ అడవి బతుకునే పట్టుకున్నరు. అందరు ఎవుసంలకు జారిన్రు, చెంచులు వెనుకపడ్డరు అని చెప్తే చిన్నపిల్లల మనసుల వాళ్ల మీద తక్కువ చూపు పడుతది, సార్ మీరు కూడ క్లాసుల ఇది చూసుకోండి.

వాళ్ల దగ్గర నేర్చుకునేది వేరే ఉంది. ఒక పెద్దాయన ఎండకాలం ఎండిపోయిన తీగను చూసి, కర్ర పెట్టి రెండు దెబ్బలు పొడిచి, గడ్డ ఎంత లోతుల ఉందో, తవ్వితె గిట్టుబాటు అయితదో లేదో చెప్పేసిండు, నాకు ఆ తీగ ఉన్నదే కనిపించలె. ఎవుసం రాకముందు అందరికి ఇసుంటి చదువే ఉండె.

ముడుమాల్ నిలువురాళ్లు బూడిద గుట్టల తర్వాతి కాలంయి, మెగాలిథిక్ అంటె పెద్దరాళ్ల కాలం అంటరు, అప్పటికే పశువులు పంటలు కుదిరినయి. ఉట్నూర్ బూడిద గుట్టను, ముడుమాల్‌ను ఒక్క గంపల వెయ్యొద్దు. ముడుమాల్ 2025ల యునెస్కో వారసత్వ జాగల తాత్కాలిక లిస్టుల చేరింది, చూసి రావాల్సిన జాగ, కృష్ణ మండలంల ఉంటది.

---

దేవరకొండ_సోషల్_సార్:

అందరికి చానా థ్యాంక్స్. అక్కా, నువ్వుల చేను మాట మనసుకు పట్టింది, మా బడి పక్కన వేసేటోళ్లను అడుగుత. చెంచుల సంగతి కూడ అన్న చెప్పినట్టే చెప్త, మా బడిల ఇద్దరు చెంచు పిల్లలు ఉన్నరు.

రెండు మాటలు ఇంకా. మా నల్గొండ దిక్కు సాగర్ దగ్గర ఏమన్న దొరికినయా? రెండోది, వరి ఎప్పుడొచ్చింది? మా పిల్లలకు తిండి అంటె బువ్వనే.

---

పాలమూరు_గుట్టలు:

సాగర్ దగ్గర దొరికినయి సార్, చాలానే. డ్యాం కట్టక ముందు 1954 సంది 1960 దాంక నాగార్జునకొండ లోయను ఆర్. సుబ్రహ్మణ్యం సార్ ఆధ్వర్యంల తవ్విన్రు, నీళ్లు నిండేలోపు అయిపోవాలె అని ఉరుకులాట. అందరికి బౌద్ధ స్తూపాలే యాదికుంటయి గాని కింది పొరలల పాతరాతి యుగం చేగొడ్డళ్ల కాడికెళ్లి కొత్తరాతి యుగం గుంతల ఇండ్లు, సమాధుల దాంక వరుసగ దొరికినయి. నల్గొండ దిక్కు ఏలేశ్వరం కూడ తవ్విన్రు, అదీ నీళ్లల పోయింది. సాగర్ నుంచి లాంచీల పోతె కొండ మీద మ్యూజియం ఉంది, పిల్లలను తీస్కపోతె శిల్పాల దగ్గరనే ఆగకుండ రాతి పనిముట్ల అద్దాల పెట్టె దగ్గర కూడ కొంచెంసేపు నిలబెట్టండి. ఇంకా పాత సంగతి కావాలంటె నది దాటి కర్నూల్ దిక్కు జ్వాలాపురం. ఇండోనేషియాల టోబా అగ్నిపర్వతం 74 వేల ఏండ్ల కింద పేలితే ఆ బూడిద అక్కడి దాంక కొట్టుకొచ్చి పడ్డది, దాని కింద పైన రెండు దిక్కులా రాతి పనిముట్లు దొరికినయి, అంటే బూడిద పడకముందు మనుషులున్నరు, పడ్డంక కూడ ఉన్నరు.

ఎక్కడికి పోయినా పిల్లలతోని తవ్వించొద్దు, ఏది ఎత్తుకరావొద్దని ముందే చెప్పండి. బూడిద గుట్టలను ఎరువుకని బండ్లకు ఎత్తుకపోయి పోయి సగం దిబ్బలు ఇప్పటికే ఖతమైనయి.

వరి సంగతి. చైనాల యాంగ్జీ నది దగ్గర, ఇటు గంగ దిక్కు ఎప్పటినుంచో ఉన్నా మన దక్కన్‌ల ఆ బూడిద గుట్టల కాలంల దాదాపు కనపడదు. ఇనుము వచ్చినంక, నీళ్లు కట్టి ఆపుడు మొదలైనంక మెల్లమెల్లగ పెరిగింది. మన చెల్క భూములకు చెరువు లేకుంటె వరి లేదు కదా. ఉట్నూర్ దొడ్డిల ఆవులను కట్టేసినోళ్లు పొద్దుమీకి ఇంటికొచ్చి తిన్నది అండుకొర్ర జావనో, ఉడకబెట్టిన ఉలవలో, దాంట్లకు ఇంత పాలు, ఎప్పుడన్న మాంసం. వాళ్లు ఎవుసం చేసుకుంటనే వేట కూడ ఆడిన్రు, అప్పటి ఊర్లల ఆవుల ఎముకలతోని కలిసి జింకల ఎముకలు కూడ దొరుకుతయి.